మూడో గీత

లైటులో లోపమేమీ కనపడటం లేదు. సుధన్య దాన్ని బల్లమీద బోర్లించి చూశాడు, వెల్లకిలా తిప్పి చూశాడు, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. చివరికి భుజం మీది తుండుగుడ్డ తీసి సోలార్ పలక మీద కప్పాడు. పొద్దుగూకిందనుకుని లైటు వెంటనే వెలిగింది. గుడ్డ తీస్తే తెల్లారిందనుకుని ఆరిపోయింది. మళ్ళీ కప్పాడు, మళ్ళీ వెలిగింది.

“బాగానే ఉంది గదా రేణు దీదీ” అన్నాడు.

“బాగానే ఉంటే ముసలావిడ తుంటి ఎట్లా విరిగింది? సరదాగా విరగ్గొట్టుకుందా?”

రేణుబాల ఆ దీవిలో మహిళా సమితికి పెద్ద. మాట్లాడేటప్పుడు మడిచిన గొడుగుతో ఎదుటివాళ్ళను పొడిచేట్టు చూపించడం ఆవిడ అలవాటు. ఇప్పుడా గొడుగు మొన లైటు మీద ఉంది. దీవంతా ఠాకుమా, అంటే నాయనమ్మా అని పిలిచే క్షాంతమణి మొన్న సాయంత్రం గిన్నెలు కడగడానికి ఇంటి వెనక కుంట మెట్లు దిగుతూ జారిపడింది. కేక విని జనం పరిగెత్తుకొచ్చేసరికి మెట్ల దగ్గర వెలగాల్సిన లైటు వెలగడం లేదు. పడవలో పెద్దాసుపత్రికి తీసుకెళ్తే కట్టు కట్టి, మంచం దిగొద్దని చెప్పి పంపేశారు.

రేవు పక్కన ఉన్న ఆ రేకుల షెడ్డులో సమితి ఆడవాళ్ళు తయారుచేసే లైట్లకు నమూనా గీసింది సుధన్యే. బజారులో రేడియోలు, ఫోన్లు బాగుచేసుకునే మనిషి. కరెంటు తీగ ఇంకా నది దాటి రాని దీవిలో అతను ‘మిస్త్రీ దాదా’ అంటే చాలు, చిన్నపిల్లలు కూడా దారి చూపిస్తారు. అరచేయంత పలక, ఒక బ్యాటరీ, ఒక ట్రాన్సిస్టర్, ఒక రెసిస్టర్, తెల్ల బల్బు, అంతే సరంజామా. దానికి స్విచ్చు లేదు. చేతిలో గిన్నెలో, చంకలో పిల్లో ఉన్న మనిషి స్విచ్చు కోసం తడుముకోకూడదనే అతను దాన్ని పెట్టలేదు. పగలంతా పలక బ్యాటరీని నింపుతుంది. పలక మీద వెలుగు తగ్గగానే లైటు తనంతట తానే వెలుగుతుంది. పలకను వెదురు పైన, లైటును కింద కట్టి, మధ్య తీగ లాగితే పని అయిపోయినట్టే.

సుధన్య డబ్బా విప్పి బోర్డు బయటికి తీశాడు. అతికినవాళ్ళు తమ గుర్తు పెట్టడం షెడ్డులో పద్ధతి. ఒకామెది కాటుక చుక్క, ఒకామెది పసుపు. ఈ బోర్డు మీద పారాణి చుక్క ఉంది. బల్ల చివర కూర్చున్న టగర్ తన గుర్తు చూసి చేతిలోని సోల్డరింగ్ ఐరన్ కింద పెట్టింది.

“ఇదేంటి?” రేణుబాల గొడుగు మొన బోర్డుకు ఆనించినంత పని చేసింది. “అతుకులన్నీ అద్దంలా మెరుస్తుంటే ఇదొక్కటి బూడిద పూసినట్టుందే?”

నిజమే, ఒక అతుకు మసకగా ఉంది. నది గాలి షెడ్డులోకి కొట్టినప్పుడు సీసం తొందరగా చల్లారి అట్లా మసకబారుతుంది. అందులో తప్పేమీ లేదు. సుధన్య సూదితో దాన్ని గుంజి చూశాడు. ఊడలేదు, కదలను కూడా లేదు.

“గుంజు దాదా, ఇంకా గట్టిగా గుంజు” అంది టగర్. “ఊడొస్తే అప్పుడు అను.”

“వాన తడికి ఒకసారి అంటుకుని ఒకసారి వదులుతుందేమో. అంతేనా మిస్త్రీ?” అంది రేణుబాల.

ఎల్లుండి అవతలి దీవి సమితి వాళ్ళు వస్తున్నారు. లైటు నచ్చితే వాళ్ళ ఊళ్ళన్నింటికీ ఇదే నమూనా. సుధన్య గీసిన నమూనా నదులు దాటి వెళ్తుంది. ఆ మాట అతను రోజుకు పదిసార్లు మనసులో అనుకుని పదకొండోసారి పెళ్ళాంతో అంటున్నాడు. లోపం నమూనాలో ఉందనడం కంటే ఒక అతుకులో ఉందనడం ఎంతో సుఖం. అందుకని “ఆఁ, ఉండొచ్చు” అన్నాడు.

ఆ ఒక్క మాటే అన్నాడు. గొడుగు మొన గుండ్రంగా తిరిగి టగర్ దగ్గర ఆగింది.

“రేపట్నించి నువ్వు బల్ల దగ్గరికి రాకు. వచ్చేవాళ్ళ ముందు నా పరువు తీస్తావు. ఎల్లుండి ఠాకుమా ఇంటికొచ్చి అందరి ముందూ ఆవిడ కాళ్ళు పట్టుకుని క్షమించమని అడుగు. ఆ తర్వాత చూద్దాం.”

టగర్ ఐరన్ మొనకంటిన సీసాన్ని తడిగుడ్డతో తుడిచి, చల్లారేదాకా ఆగి, పక్కనామె ముందు పెట్టింది. పోతూ సుధన్య వైపు ఒకసారి చూసింది. అతను స్క్రూలు బిగిస్తున్నాడు. ఆ డబ్బాకున్నవి రెండే స్క్రూలు, అవి ఎప్పుడో బిగిసిపోయాయి. అయినా బిగిస్తూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అరుగు మీద బొరుగులు తింటున్నాడు. చలి ఇంకా ముదరలేదు గానీ కుంట మీది నుంచి వచ్చే గాలి చల్లగానే ఉంది. చీకటి పడుతూనే వెదురుకున్న లైటు వెలిగింది. తను చేసిన లైటు తన వాకిట్లో వెలగడం చూస్తే సుధన్యకు ప్రతిరోజూ కాస్త గర్వంగానే ఉంటుంది. రోజూ అది వెలగ్గానే మళ్ళీ బజారుకు వెళ్ళిపోయేవాడు. ఆవేళ మాత్రం దాన్ని చూడబుద్ధీ కాలేదు, కదలబుద్ధీ కాలేదు.

అతని భార్య బాసంతి ఆకాశదీపం పట్టుకుని వచ్చింది. కార్తీకం వచ్చిందంటే నెల పొడుగునా చనిపోయినవాళ్ళ కోసం వెదురు కొసన దీపం ఎత్తాలి. పైనుంచి వాళ్ళు ఇల్లు గుర్తుపట్టడానికట. పూర్వం ప్రమిద వెలిగించేవాళ్ళు, నది గాలికి అది నిలిచేది కాదు. ఇప్పుడు రంగు కాగితం తొడుగులో చిన్న ఛార్జింగ్ లైటు పెడుతున్నారు. ఈ దీవిలో ఇంకా ఎత్తే ఇళ్ళు నాలుగైదే. వాళ్ళ లైట్లకు ఛార్జింగ్ పెట్టి ఇచ్చేది కూడా సుధన్యే. బాసంతి దీపం వెలిగించి, నమస్కారం పెట్టి, తాడు లాగింది. ఎర్ర కాగితం లోంచి వెలుగుతూ దీపం పైకి పోయింది. సోలార్ పలకను దాటి మూరెడు పైన ఆగింది.

కింద లైటు ఆరిపోయింది.

సుధన్య చేతిలోని బొరుగులు చేతిలోనే ఉండిపోయాయి.

“అదేంటి?”

“ఏదేంటి?”

“లైటు ఆరిపోయిందేంటి?”

“రోజూ ఆరుతుందిగా” అంది బాసంతి తాడు ముడేస్తూ. “కార్తీకం వచ్చింది మొదలు ఇంతే. పైన ఒక దీపం ఉన్నాక కింద ఇంకొకటి దండగని మీరే అట్లా చేశారనుకున్నా. మా ఆయన బుర్రే బుర్ర అని పక్కింట్లో చెప్పి కూడా వచ్చాను.”

“దించు.”

“ఇప్పుడేగా ఎత్తాను! పితృదేవతలు అనుకున్నారా, పావురాలనుకున్నారా, ఎక్కించి దించడానికి?”

అతనే లేచి తాడు విప్పాడు. దీపం దిగుతుంటే కింద లైటు వెలిగింది. ఎత్తితే ఆరింది. దించాడు, ఎత్తాడు. బాసంతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది, నవ్వాలో భయపడాలో తెలియక. అప్పటికి సుధన్యకు విషయం పూర్తిగా అర్థమైంది. 

వానల్లో పలకలు సరిగా నిండక లైట్లు తెల్లవారకముందే ఆరిపోయేవి. బ్యాటరీ ఆదా చెయ్యాలని సుధన్య కరెంటును అడ్డుకునే రెసిస్టర్ మార్చాడు. ఆ బుల్లి ముక్కకు రంగు గీతలుంటాయి. మొదటి రెండూ పాతవే, పసుపు, ఊదా. మూడోది ఎరుపు ఉండాల్సిన చోట నారింజ. అంతే తేడా. ట్రాన్సిస్టర్‌కు వెళ్ళే కరెంటు బాగా తగ్గింది, లైటు రాత్రంతా నిలిచింది. అతను మురిసిపోయాడు. కానీ ఆ కొంచెం కరెంటును ఆపడానికి పలక మీద కొంచెం వెలుగు పడితే చాలునని ఆలోచించలేదు. వెన్నెల్లో పరీక్షించాడు, వానలో పరీక్షించాడు, టార్చి దూరం నుంచి వేసి చూశాడు. కార్తీకం మాత్రం గుర్తు రాలేదు. పలక కట్టడానికీ దీపం ఎత్తడానికీ ఇంట్లో ఉండే నిలువు వెదురు ఒక్కటేనని, చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాడికి తట్టలేదు.

చిమ్నీ దీపం ముందు కూర్చుని తన లైటు విప్పి ఎర్ర గీత రెసిస్టర్ అతికాడు. మళ్ళీ కట్టి దీపం ఎత్తాడు. ఈసారి పైన దీపమూ, కింద లైటూ రెండూ వెలిగాయి.

“బాగుపడిందిగా, మరి ఆ మొహమేంటి?” అంది బాసంతి.

“టగర్‌ని బల్ల దగ్గర్నుంచి లేపేశారు.”

“ఎవరు? ఎందుకు?”

అతను నోట్లో బొరుగులు ఉన్నట్టు నటించాడు.

మర్నాడు పొద్దున్నే రేణుబాల ఇంటికి వెళ్ళాడు. చెప్పేయాలనే వెళ్ళాడు. దారిపొడుగునా మాటలు పేర్చుకున్నాడు. ‘దీదీ, తప్పు నాది’ అని మొదలుపెట్టాలి. ఆవిడ వాకిట్లో చాప పరిపించి, వచ్చేవాళ్ళకు ఏ చేప వండాలో ఇద్దరితో తగువు పడుతోంది.

“మిస్త్రీ, రా రా. నీ గురించే. అవతలి వాళ్ళకు కబురు పెట్టాను. మా ఠాకుమా పడిన మాట నిజమే, కానీ నమూనాలో ఇసుక రవ్వంత లోపం లేదు, చెయ్యి బాగాలేక జరిగింది, ఆ చేతిని మార్చేశామని చెప్పాను. శాంతించారు. ఏంటి, ఏదో చెప్పబోతున్నావు?”

‘దీదీ, తప్పు నాది’ అనే మాట గొంతులోంచి లేచి పళ్ళదాకా వచ్చింది.

“ఏం లేదు. ఎన్ని లైట్లు చూపించాలా అని” అన్నాడు.

తిరిగి వస్తూ తనను తాను తిట్టుకున్నాడు. ఆ తిట్లు కూడా మెత్తగానే తిట్టుకున్నాడు. ‘ఒక్క రెండు రోజులు. వాళ్ళు వచ్చి చూసి పోనీ. తర్వాత టగర్‌ని నేనే వెనక్కి తీసుకొస్తా. పాత బోర్డులన్నీ చల్లగా మార్చేస్తా.’ ఇట్లాంటి లెక్కలు వేసుకునేవాడికి దారి తొందరగా సాగుతుంది. కట్ట మీదికి వచ్చేశాడు.

నది పాటులో ఉంది, నీళ్ళు వెనక్కి తగ్గాయి. బురద ఒడ్డు వెంబడి ఆడవాళ్ళు నడుము లోతు ఉప్పునీళ్ళలో రొయ్యపిల్లల వల ఈడుస్తున్నారు. అందులో టగర్ ఉంది. కొంగు బిగించి, వల తాళ్ళు భుజాలకేసుకుని వెనక్కి వెనక్కి నడుస్తోంది. వల వదిలి బల్ల దగ్గర కూర్చున్న ఈ రెండేళ్ళలో తన కాళ్ళ మీది పుళ్ళు మానాయని ఒకసారి వదిన వరసైన బాసంతికి చూపించింది. ‘బౌదీ, చూడు, చర్మం మళ్ళీ చర్మంలా ఉంది’ అని నవ్వింది. సుధన్య కట్ట మీద నిలబడ్డాడు. తప్పించుకుపోదామనుకునేలోపే ఆమె చూసింది.

“దాదా!”

వల ఒడ్డుకు లాగి, తడి గుడ్డలతో బురదలో నడిచి దగ్గరికొచ్చింది. వలలో గోరంత చేపలు, ఆకులు, నాలుగు రొయ్యపిల్లలు.

“మొసలి లేదా ఇవాళ?” అన్నాడు ఏదో ఒకటి అనాలని.

“ఉంటే అది నన్ను చూసి పోయింది. ఇంతోటి ఒంట్లో ఏముందిలే అనుకునుంటుంది.” నవ్వలేదు. “దాదా, ఒకటి అడగనా? నిజం చెప్పు. నా అతుకు నిజంగా చెడిందా?”

“ఇంకా చూస్తున్నా.”

“నిన్న సూదితో గుంజావుగా. ఊడలేదుగా.”

“ఊడలేదు.”

“మరి ఉండొచ్చు అన్నావేం?”

సుధన్య నది వైపు చూశాడు. అవతల పడవ ఒకటి మెల్లగా పోతోంది. ఆ పడవలో తను ఉంటే బాగుండుననిపించింది.

“చూస్తున్నా అన్నాగా టగర్. తొందరపెట్టకు.”

“నేను తొందరపెట్టడం లేదు దాదా. రాత్రి పడుకుని, అతికిన ప్రతి బోర్డూ గుర్తు చేసుకుంటున్నా. ఏ బోర్డు దగ్గర మాట్లాడుతున్నాను, ఏ బోర్డు దగ్గర తుమ్మాను అని. ఆ ముసలావిడ నా వల్లే పడిందా అని. నా వల్లేనంటే నిజంగానే కాళ్ళు పట్టుకుంటాను, అందులో సిగ్గు లేదు. నా వల్ల అవునో కాదో తెలియకుండా ఎట్లా పట్టుకోవడం?”

ఆమె మళ్ళీ నీళ్ళలోకి దిగింది. సుధన్యకు తన మీద తనకు పుట్టిన అసహ్యానికి అక్కడ నిలబడటం కష్టమైంది. చేసిన తప్పు తనది, దాన్ని రాత్రంతా మోస్తున్నది ఆమె. చేతిలో ఉన్న సంచీ అనవసరంగా ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. సంచీలో ఎర్ర గీత పెట్టిన కొత్త లైటు ఉంది. పొద్దున్నే తయారుచేసి పెట్టుకున్నాడు. ముందు ముసలావిడకు చెబుదామనుకున్నాడు. దెబ్బ తగిలింది ఆవిడకు. ఆవిడ ముందు నోరు విప్పితే తర్వాత ఎవరి ముందైనా విప్పొచ్చు.

క్షాంతమణి ఠాకుమా అరుగు మీద మంచంలో పడుకుని ఉంది. కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టారు. కోడలు చాంపా వంటింట్లో ఉంది. ముసలావిడ సుధన్యను చూడగానే తల ఎత్తబోయింది.

“నా దీపానికి ఛార్జింగ్ పెట్టి తెచ్చావా?”

“తెచ్చాను ఠాకుమా. కాలు ఎట్లా ఉంది?”

“కాలుకేం, అది ఈ ఒంటికి అతికి ఉంది, అంతే. ఇట్లా కూర్చో. చాంపా, అబ్బాయికి టీ పెట్టు.” ఆవిడ గొంతు తగ్గించింది. “అందరూ ఆ టగర్ పిల్లను తిడుతున్నారట గదా? ఎందుకు తిడతారు? ఆ లైటు చెడిపోలేదు.”

సుధన్య సంచీ కింద పెట్టాడు.

“నీకెట్లా తెలుసు?”

“రోజూ చూస్తున్నా గదా. చీకటి పడగానే చక్కగా వెలుగుతుంది. నేను నా కొడుకు సుబల్ పేర దీపం ఎత్తుతాను. ఎత్తగానే అది ఆరిపోతుంది. మొదటిరోజు నేనూ చెడిపోయిందనుకున్నా. రెండోరోజూ అంతే. మూడోరోజు తెలిసింది.” ఆవిడ బోసినోటితో నవ్వింది. “వాడికి చిన్నప్పటి నుంచీ వెలుతురుంటే నిద్ర పట్టదు. నేను పని చేసుకుంటుంటే వెనక నుంచి వచ్చి చిమ్నీ ఉఫ్ మని ఊదేసి, నవ్వుకుంటూ పోయి పడుకునేవాడు. ఎన్నిసార్లు తన్నానో! కేరళకు కూలికెళ్ళి ఆ మేడ మీంచి పడ్డాక వాడి ఒళ్ళు కూడా నాకు చూపించలేదు. అక్కడే కాల్చి, బూడిద పంపారు. దారి తెలియకుండా పోయాడనుకున్నా. తెలిసింది. రోజూ వస్తున్నాడు. వచ్చానమ్మా అని ఊదేస్తున్నాడు.”

“ఠాకుమా...”

“కోడలికి చెప్పలేదు, ఏడుస్తుంది. నీకే చెప్తున్నా. ఆవేళ కూడా వాడితో మాట్లాడుతూనే మెట్లు దిగాను. అందుకే కాలు చూసుకోలేదు. తప్పు నాదే. టగర్‌ని ఏమీ అనొద్దని రేణుతో చెప్తే, ముసలిదానికి మతి పోయిందంది.”

టీ వచ్చింది. సుధన్య తాగాడు. ఎంత వేడిగా ఉందో కూడా తెలియలేదు. సంచీలోని లైటు బయటికి తియ్యలేదు. ఛార్జింగ్ పెట్టిన దీపం మాత్రం చాంపా చేతికిచ్చి లేచాడు. దారిలో ఒక కొత్త సాకు దొరికింది, ముందటి వాటి కంటే చాలా మంచిది. నిజం చెబితే ముసలావిడ గుండె పగులుతుంది. చెప్పకపోవడమే పుణ్యం. ఆ పుణ్యానికి వెల ఉప్పునీళ్ళలో నిలబడి కడుతున్నది ఎవరో అతనికి తెలుసు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచాడు.

“ఒంట్లో బాగాలేదా?” అంది బాసంతి.

“నేను బాగాలేను” అన్నాడు. ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, జ్వరం లేదని చెప్పి పడుకుంది.

మర్నాడు సాయంత్రం క్షాంతమణి ఇంటి వాకిట్లో చాపలు పరిచారు. అవతలి దీవి నుంచి ముగ్గురు ఆడవాళ్ళు, ఒక పెద్దాయన వచ్చారు. రేణుబాల కొత్త చీర కట్టుకుంది. మంచాన్ని అరుగు అంచుకు జరిపారు. టగర్ అందరికంటే ఆలస్యంగా వచ్చింది. తల తడిగానే ఉంది. కాళ్ళకు బురద కడుక్కున్నా పిక్కల మీద ఉప్పు తెల్లగా కట్టి ఉంది.

“రా, రా. ఠాకుమా కాళ్ళు పట్టుకో” అంది రేణుబాల. “అందరూ మనవాళ్ళే.”

టగర్ మంచం దగ్గరికి నడిచింది. ముసలావిడ “వద్దే, వద్దే” అంటోంది, ఎవరూ వినడం లేదు. టగర్ కట్టులేని కాలు వైపు వంగింది. చేతులు చాచి, ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడంలో ఆమె తల తిప్పి సుధన్యను చూడలేదు. అసలు ఎవరినీ చూడలేదు. అవునో కాదో తెలియకుండానే పట్టుకోబోతోంది.

“ఆగు టగర్” అన్నాడు సుధన్య.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. లేచి నిలబడ్డాడు. “అతుకు మంచిదే. సూదితో గుంజాను, కదల్లేదు. అది ఆ రోజే తెలుసు నాకు. లోపం నేను గీసిన దాంట్లో ఉంది. బ్యాటరీ ఆదా అవుతుందని రెసిస్టర్ మార్చాను, మూడో గీత ఎరుపు బదులు నారింజ పెట్టించాను. దానివల్ల పలక మీద ఆకాశదీపం వెలుగు పడినా తెల్లారిందనుకుని లైటు ఆరిపోతోంది. ఆ సాయంత్రమే మా ఇంట్లో కళ్ళారా చూశాను. చూసి కూడా నోరు మూసుకున్నాను.”

 సుధన్య తిట్ల కోసం ఎదురుచూశాడు. వాటి కోసం ఒళ్ళంతా బిగబట్టుకుని ఉన్నాడు. ముందుగా అవతలి దీవి పెద్దాయన తల ఊపాడు.

“ఎంత నిజాయితీ! నలుగురిలో ఒప్పుకోవడం మాటలు కాదు.”

“మనిషన్నాక పొరపాటు రాదా?” అంది రేణుబాల, పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు. “ఒక గీత తేడా, అంతేగా! మార్చేస్తే పోయె. కూర్చో మిస్త్రీ, కూర్చో. చాంపా, మిస్త్రీ దాదాకి టీ ఇవ్వు, చెమటలు పట్టేశాయి.”

టీ గ్లాసు నిజంగానే చేతిలోకి వచ్చింది. టగర్ అప్పటికింకా మంచం దగ్గర వంగే ఉంది. నిటారుగా లేచింది.

“తప్పు నాదనుకున్నప్పుడు చెయ్యి బాగాలేదన్నారు, బల్ల దగ్గర్నుంచి లేపారు, కాళ్ళు పట్టుకోమన్నారు” అంది. గొంతు పెంచలేదు. “దాదాదని తేలాక పొరపాటు. టీ.”

రేణుబాల గొడుగు కోసం పక్కన తడుముకుంది, అది దొరకలేదు. “రేపట్నించి వచ్చెయ్యవే, ఎవరు వద్దన్నారు?” అంది.

“వస్తాను. నా చెయ్యి బాగుంది కాబట్టి వస్తాను.”

సుధన్య గ్లాసు కింద పెట్టేశాడు. “టగర్, నన్ను...” అన్నాడు.

“ముందు లైటు మార్చు దాదా. చీకటి పడుతోంది.”

అతను పాతది విప్పి, సంచీలోంచి కొత్తది తీసి వెదురుకు కట్టాడు. టగర్ వచ్చి తీగ పట్టుకుంది. కాసేపటికి లైటు వెలిగింది. చాంపా ఆకాశదీపం వెలిగించి తాడు లాగింది. ఎర్రగా వెలుగుతూ అది పలకను దాటి పైకి పోయింది. కింద లైటు ఆరలేదు. పైనా కిందా రెండూ వెలుగుతున్నాయి. అవతలి దీవి ఆడవాళ్ళు మెచ్చుకోలుగా చప్పరించారు. పెద్దాయన జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని మరీ చూశాడు.

క్షాంతమణి మోచేతి మీద లేచింది. ఆవిడ చూపు లైటు మీదే ఉంది.

“ఉండండి, ఉండండి. ఇంకాసేపట్లో ఆరుతుంది” అంది.

అందరూ ఆగారు. లైటు వెలుగుతూనే ఉంది.

“ఇవాళ ఇంకా రాలేదు” అంది ముసలావిడ. ఆమె ఎవరి గురించి అంటోందో సుధన్యకు తప్ప ఎవరికీ తెలియలేదు. చాంపా ఒక్కతే ఏదో స్ఫురించి, తాడు పట్టుకున్న చోటే నిలిచిపోయింది. “సుధన్యా, ఆ పాతది నీ చేతిలోనే ఉందిగా? అదే పెట్టు నాయనా. నాకొక్కదానికే. నేనింక మెట్లు దిగను, ఒట్టు. దిగడానికి కాలేది?”

పాత లైటు అతని చేతిలోనే ఉంది. రెండు ముళ్ళు విప్పి మళ్ళీ కట్టడం ఎంతసేపు? ఎవరికీ నష్టం లేదు. టగర్ పని టగర్‌కు వచ్చేసింది. ముసలావిడ మంచం దిగదు. నెల తిరిగితే కార్తీకమే అయిపోతుంది. ఇంత చిన్న అబద్ధం అతనికి కొత్త కాదు. ఈ మూడు రోజులూ ఇంతకంటే పెద్దదే మోశాడు. మంచం దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆవిడ ఆశగా వంగింది.

“ఠాకుమా, దాన్ని రోజూ ఆర్పింది సుబల్ కాదు” అన్నాడు. “నేను.”

ఆవిడ అతని మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. కోపం లేదు, ఏడుపూ లేదు. తర్వాత మెల్లగా వెనక్కి వాలి, మొహం గోడ వైపు తిప్పుకుంది.

“చాంపా, ఆ దీపం దించెయ్యి” అంది.

“అమ్మా, నెల కాలేదు ఇంకా...”

“దించెయ్యమన్నాను గదా.”

చాంపా తాడు వదిలింది. ఆకాశదీపం వెదురు వెంబడి తగులుతూ, తగులుతూ కిందికి దిగింది. ఆమె కాగితం తొడుగులో చెయ్యి పెట్టి దాన్ని ఆర్పేసింది. వచ్చినవాళ్ళు చెప్పులు వెతుక్కుంటూ లేచారు. సుధన్య గీసిన లైటు ఒక్కటే మిగిలింది. కుంట మెట్లు అట్టడుగు మెట్టు దాకా స్పష్టంగా కనపడుతున్నాయి.